ధర ఒకటి, బిల్లు ఇంకొకటి: విదేశీ పార్సిల్‌పై కస్టమ్స్ లెక్క

విదేశీ వెబ్‌సైట్‌లో వస్తువు ధర రూ.10,000, షిప్పింగ్ రూ.1,500. డబ్బు కార్డులోంచి వెళ్లిపోయింది, ఆర్డర్ ఖరారైందని మెయిల్ కూడా వచ్చింది. కొన్నవాళ్ల లెక్కలో బేరం అక్కడితో అయిపోయింది. వారం పది రోజులకు కొరియర్ సంస్థ నుంచి మెసేజ్ వస్తుంది: కేవైసీ పత్రాలు పంపండి, కస్టమ్స్ సుంకం కట్టండి, అప్పటిదాకా పార్సిల్ కదలదు. 2025కి ముందు కొన్నేళ్లపాటు సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద మొత్తం భారం 77.28 శాతం. రూ.11,500 విలువైన పార్సిల్ చేతికి రావాలంటే ఇంకో రూ.8,887 కట్టాలి. రేట్లు ఇప్పుడు బాగా తగ్గాయి. ఆ మెసేజ్ చూసి ఉలిక్కిపడటం మాత్రం తగ్గలేదు.

దీనికి కారణం సుంకం ఎక్కువగా ఉండటం ఒక్కటే కాదు. వెబ్‌సైట్‌లో 'కొనండి' అనే బటన్ నొక్కగానే కొన్న మనిషి చట్టం దృష్టిలో దిగుమతిదారు అయిపోతాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. అమ్మినవాడి బాధ్యత వాళ్ల దేశంలో పార్సిల్ కొరియర్‌కి అప్పగించడంతో తీరిపోతుంది. కొరియర్ సంస్థకు రవాణా డబ్బులు ముందే ముట్టాయి. కస్టమ్స్ శాఖకు పార్సిల్ పత్రాలు అందేదాకా ఈ కొనుగోలు జరిగినట్టే తెలియదు. లెక్క తెలిసినవాళ్లకు చెప్పాల్సిన అవసరం లేదు, చెల్లించాల్సినవాళ్లకు లెక్క తెలియదు. ఎవరూ మోసం చేయకపోయినా బిల్లు ఊహించనిదిగానే వస్తుంది.

వ్యాపార భాషలో దీనికి రెండు పద్ధతులున్నాయి. డీడీపీ అంటే సుంకాలు, పన్నులు అన్నీ అమ్మకందారే కట్టి ఇంటికి చేర్చడం. డీడీయూ అంటే సరుకు చేర్చడం వరకే, సుంకం కొన్నవాళ్ల నెత్తిన. కొత్త నిబంధనల్లో డీడీయూ స్థానంలో డీఏపీ వచ్చింది కానీ కొరియర్ ఆఫీసుల్లో పాత పేరే ఇంకా నడుస్తోంది. చిన్న విదేశీ దుకాణాల్లో చాలావరకు రెండో పద్ధతే. 'ఫ్రీ షిప్పింగ్' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దిగుమతి సుంకాలకు కొనుగోలుదారే బాధ్యుడన్న వాక్యం మాత్రం పేజీ అడుగున, షిప్పింగ్ పాలసీ అనే లింకు లోపల దాక్కుంటుంది. ఫ్రీ షిప్పింగ్ అంటే రవాణా ఉచితమనే తప్ప సుంకం ఉచితమని కాదు. కొన్ని పెద్ద సైట్లు చెల్లింపు సమయంలోనే దిగుమతి ఛార్జీల అంచనా లెక్కగట్టి డిపాజిట్‌గా తీసుకుంటాయి, అసలు సుంకం తక్కువ పడితే మిగిలింది వెనక్కిస్తాయి. అక్కడ ధర కాస్త ఎక్కువగా కనిపించినా, వేరేచోట తర్వాత పడే బిల్లుతో కలిపి చూస్తే తేడా చాలాసార్లు మాయమవుతుంది.

భారత్‌లో లెక్క ఎలా వేస్తారు

మొదట తెలుసుకోవాల్సింది ఏమిటంటే, సుంకం వస్తువు ధర మీద మాత్రమే పడదు. ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపి వచ్చే మొత్తం మీద పడుతుంది. రవాణా ఖర్చు ఎంతో తెలియకపోతే ధరలో 20 శాతంగా, బీమా తెలియకపోతే 1.125 శాతంగా లెక్కగట్టాలని 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ధారణ నియమాలు చెబుతున్నాయి. కాబట్టి 'ఫ్రీ షిప్పింగ్' ఇక్కడ కూడా కలిసిరాకపోవచ్చు. డాలర్లను రూపాయల్లోకి మార్చేది కూడా బ్యాంకు రేటుతో కాదు, కస్టమ్స్ బోర్డు ప్రకటించే రేటుతో.

ఈ విలువ మీద ముందు ప్రాథమిక కస్టమ్స్ సుంకం పడుతుంది. విలువ, సుంకం రెండూ కలిపిన మొత్తం మీద ఐజీఎస్‌టీ, అంటే దిగుమతులపై వేసే సమీకృత జీఎస్‌టీ పడుతుంది. అంటే పన్ను మీద పన్ను. పాత 77.28 శాతం ఇలా తయారైందే: 35 శాతం సుంకం, ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జీ, ఈ రెండూ కలిపిన విలువ మీద 28 శాతం ఐజీఎస్‌టీ. విడివిడిగా చూస్తే దేనికదే భరించదగ్గదిగా ఉంటుంది. కలిపేసరికి వస్తువు ధరలో ముప్పావు వంతు దాటిపోయింది.

2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జీఎస్‌టీ మార్పుల్లో సొంత వాడకపు దిగుమతులపై 28 శాతం కాస్తా 18 అయింది. 2026-27 బడ్జెట్ ప్రసంగంలో, అప్పటికే 35 నుంచి 20 శాతానికి దిగిన ప్రాథమిక సుంకాన్ని 10 శాతానికి తగ్గిస్తున్నట్టు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఈ రేట్లతో అదే పార్సిల్ లెక్క చూద్దాం. రూ.11,500 మీద 10 శాతం అంటే రూ.1,150. రెండూ కలిపిన రూ.12,650 మీద 18 శాతం అంటే రూ.2,277. మొత్తం రూ.3,427, దాదాపు 30 శాతం. సర్‌ఛార్జీ వర్తించేచోట ఇంకో రూ.136 చేరుతుంది. పాత బిల్లుతో పోలిస్తే సగం కూడా లేదు. కానీ వస్తువు ధర తప్ప మరేమీ అనుకోని మనిషికి మూడున్నర వేలు కూడా షాకే.

ఇక్కడ ఒక విచిత్రముంది. కంప్యూటర్ కీబోర్డును వ్యాపారి పెట్టెలకొద్దీ దిగుమతి చేసుకుంటే ప్రాథమిక సుంకం సున్నా. అదే కీబోర్డు ఒక్కటి, సొంతానికి, పోస్టులోనో విమాన కొరియర్‌లోనో తెప్పించుకుంటే అది కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే సుంకాల పట్టికలో, సొంత వాడకపు దిగుమతుల కోసం పెట్టిన 9804 అనే ప్రత్యేక శీర్షిక కిందకు రావచ్చు. వస్తువుకు వేరే సొంత శీర్షిక ఉన్నా సరే, షరతులు సరిపోతే ఈ అధ్యాయమే వర్తిస్తుందని టారిఫ్‌లోని 98వ అధ్యాయం మొదటి నోట్ చెబుతుంది. అన్ని రకాల వస్తువులకూ ఒకే రేటు ఉంటే చిన్న పార్సిళ్లను త్వరగా తేల్చేయొచ్చన్నది దీని వెనక ఉన్న సౌలభ్యం. ఆ సౌలభ్యం అధికారులకు ఎంత ఉపయోగమో, సున్నా సుంకం వస్తువు కొన్నవాళ్లకు అంత నష్టం.

ఎంత తక్కువ విలువైతే సుంకం ఉండదు? చాలా దేశాల్లో ఇందుకు ఒక పరిమితి ఉంది. భారత్‌లో కొనుగోళ్లకు అలాంటిది దాదాపు లేనట్టే. కస్టమ్స్ చట్టం సెక్షన్ 25(6) ప్రకారం సుంకం రూ.100 లేదా అంతకంటే తక్కువైతే వసూలు చేయరు, అంతే. 30 శాతం లెక్కన చూస్తే మూడు వందల నలభై రూపాయల పార్సిల్‌తోనే ఆ గీత దాటిపోతాం.

గిఫ్టు దారి ఎందుకు మూసుకుపోయింది

ఒకప్పుడు రూ.5,000 వరకు విలువైన బహుమతులకు సుంకం లేదు. కొన్ని విదేశీ సైట్లు ఈ వెసులుబాటును అడ్డగోలుగా వాడుకున్నాయి. భారత్‌లో కొన్న ప్రతి డ్రెస్సూ, ప్రతి హ్యాండ్‌బ్యాగూ 'గిఫ్టు' లేబుల్‌తో దిగేది. ఇక్కడి వ్యాపారులు గొడవ చేశారు. 2019 డిసెంబరులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నిబంధన మార్చింది: పోస్టులో, కొరియర్‌లో గిఫ్టుల పేరిట సుంకం లేకుండా దిగుమతి కుదరదు. మినహాయింపు రెండింటికే, ప్రాణరక్షక మందులకు, రాఖీకి. రాఖీతో పాటు పంపే కానుకలకు మాత్రం కాదు. దారానికి సుంకం లేదు, దానితో వచ్చిన చాక్లెట్ డబ్బాకు ఉంది. పూర్తి సుంకం కట్టి గిఫ్టు తెప్పించుకోవడానికి అభ్యంతరమేమీ లేదు.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉండే పిల్లలు గుంటూరులో, కరీంనగర్‌లో ఉన్న తల్లిదండ్రులకు విటమిన్ సీసాలు, బీపీ మిషన్, ట్యాబ్ పంపినప్పుడు జరిగేది ఇదే. పంపినవాళ్లకు అది ప్రేమ, కస్టమ్స్‌కు అది దిగుమతి. బిల్లు వెళ్లేది తల్లిదండ్రుల ఫోన్‌కి, ఆధార్ అడిగేది కూడా వాళ్లనే. పెద్దవాళ్లకు టెన్షన్ పెట్టకూడదనుకుంటే పంపేవాళ్లు సుంకం తామే కట్టే పద్ధతి ఎంచుకోవాలి, లేదా వస్తువును ఇక్కడి సైట్‌లోనే ఆర్డర్ పెట్టాలి. చాలా సందర్భాల్లో రెండోదే చవక.

ధర తగ్గించి రాయమని అమ్మకందారును కోరడం, 'వాడిన వస్తువు' అని రాయించడం లాంటి చిట్కాలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. ఇవి తప్పుడు ప్రకటన కిందకు వస్తాయి. చూపించిన విలువ నమ్మశక్యంగా లేదనిపిస్తే అధికారి దాన్ని పక్కనపెట్టి తనే విలువ కట్టొచ్చు, సరుకు జప్తు చేయొచ్చు, జరిమానా వేయొచ్చు. పైగా పార్సిల్ పోతే బీమా డబ్బు వచ్చేది కూడా ఆ తగ్గించి రాసిన ధరకే.

సుంకం కాని ఛార్జీలు

బిల్లులో ప్రభుత్వానికి వెళ్లేది ఒక భాగం, కొరియర్ జేబులోకి వెళ్లేది ఇంకో భాగం. ప్రైవేటు కొరియర్లు సాధారణంగా పార్సిల్ త్వరగా విడిపించడానికి సుంకం తామే ముందు కట్టేస్తాయి. అలా అడ్వాన్సుగా కట్టినందుకు ఒక రుసుము, క్లియరెన్స్‌కు ఇంకో రుసుము, వాటి మీద మళ్లీ జీఎస్‌టీ. చిన్న పార్సిళ్ల విషయంలో ఇదే అన్యాయంగా అనిపించేది: వెయ్యి రూపాయల వస్తువుకు సుంకం మూడు వందలైతే, దాన్ని కట్టిపెట్టినందుకు తీసుకునే రుసుము అంతకు మించిపోవచ్చు. సుంకం శాతాల్లో పెరుగుతుంది, రుసుముకు మాత్రం ఓ కనీస మొత్తం ఉంటుంది. అందుకే అతి చవక వస్తువులనే విదేశాల నుంచి తెప్పించుకోవడం అతి ఖరీదు.

పోస్టులో వస్తే ఈ రుసుముల బాధ తక్కువ. పార్సిల్ విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ దాటుతుంది, సుంకం డెలివరీ సమయంలో పోస్టుమ్యాన్ వసూలు చేస్తాడు. కాకపోతే ఆలస్యం, ట్రాకింగ్ సరిగ్గా దొరకదు. విదేశీ కరెన్సీలో చెల్లించినందుకు కార్డు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము (ఫారెక్స్ మార్కప్) వేరే సంగతి. అది కస్టమ్స్‌ది కాదు గానీ కొన్నవాళ్ల లెక్కలో అదీ చేరాల్సిందే.

లెక్క తప్పనిపిస్తే కొరియర్ సంస్థను బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) కాపీ అడగాలి. వస్తువును ఏ శీర్షిక కింద చూపారు, విలువ ఎంత తీసుకున్నారు, సుంకం ఎంత, ఐజీఎస్‌టీ ఎంత అన్నీ అందులో విడివిడిగా ఉంటాయి. రెండు డ్రెస్సులు కొంటే మూడుగా పడటం, డిస్కౌంట్ ముందరి ధర రాయడం లాంటి పొరపాట్లు అక్కడే బయటపడతాయి. డబ్బు కట్టకముందు అడిగితే సరిదిద్దడం తేలిక, కట్టాక రీఫండ్ కోసం తిరగడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

పోచంపల్లి చీర అమెరికా వెళ్తే

తెలుగువాళ్లకు ఈ వ్యవహారం రెండు వైపులా తగులుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని హైదరాబాద్ బొటిక్ నుంచి చీర తెప్పించుకునేవాళ్లకు ఆ బొటిక్కే విదేశీ దుకాణం. వాళ్లకు చాలాకాలం అసలు కస్టమ్స్ అనే మాటే వినపడలేదు. అమెరికాలో 800 డాలర్ల లోపు విలువైన పార్సిల్ సుంకం లేకుండా లోపలికి వెళ్లేది. మినహాయింపు చాలా పాతదే, 2016లో పరిమితిని 200 డాలర్ల నుంచి 800కు పెంచారు. ఆ తర్వాత చైనా సైట్ల చవక పార్సిళ్లు వెల్లువెత్తాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో ఈ మినహాయింపు కింద వచ్చిన పార్సిళ్లు 136 కోట్లని అమెరికా కస్టమ్స్ లెక్క.

2025 మే 2న చైనా, హాంకాంగ్ పార్సిళ్లకు ఈ మినహాయింపు తీసేశారు. ఆగస్టు 29న మిగతా ప్రపంచమంతటికీ తీసేశారు. దెబ్బ చైనా కోసం ఉద్దేశించిందే అయినా, మంగళగిరి చీరలకూ ఆవకాయ డబ్బాలకూ సమంగా తగిలింది. అంతకు రెండు రోజుల ముందే, ఆగస్టు 27న, భారత సరుకులపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది. కొత్త పద్ధతిలో సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా జమ చేయాలో తేలకపోవడంతో ఇండియా పోస్ట్ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సిళ్లు ఆపేసింది. మొదట ఉత్తరాలు, 100 డాలర్ల లోపు గిఫ్టులు తీసుకుంటామంది, కొద్దిరోజులకే అవీ ఆగిపోయాయి. దసరా అలాగే గడిచిపోయింది. సేవలు అక్టోబరు 15న మళ్లీ మొదలయ్యాయి, దీపావళికి అయిదు రోజుల ముందు.

మళ్లీ మొదలైనప్పుడు ఇండియా పోస్ట్ చేసిన మార్పు గమనించదగ్గది. ప్రకటించిన విలువలో 50 శాతం సుంకాన్ని ఇక్కడ బుకింగ్ కౌంటర్‌లోనే కట్టించుకుంది. అప్పట్లో 200 డాలర్ల చీర పంపాలంటే 100 డాలర్లకు సమానమైన డబ్బు పంపేవాళ్లే ముందు కట్టాల్సి వచ్చింది. భారం తగ్గలేదు. కానీ అక్కడ చీర అందుకునేవాళ్లకు తర్వాత బిల్లు రాదు. ప్రైవేటు కొరియర్‌లో, సుంకం చెల్లించని పద్ధతిలో పంపితే మాత్రం సుంకంతో పాటు కొరియర్ రుసుము కూడా అక్కడివాళ్ల ఇంటికే వస్తుంది. వాట్సాప్‌లో ఫొటో చూసి, యూపీఐలో డబ్బు వేసి చేసే బేరాల్లో ఈ తేడా అసలు ప్రస్తావనకే రాదు. అమ్మే ఆవిడకు తెలియదు, కొనే ఆవిడ అడగదు.

భారత్‌తో పోలిస్తే అమెరికా లెక్కలో ఒక ఊరట ఉంది. అక్కడ సుంకం సరుకు ధర మీదే, రవాణా ఖర్చు కలపరు. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లే నిజమైన గిఫ్టుకు 100 డాలర్ల వరకు మినహాయింపు కూడా ఉంది. అమ్మ సొంతంగా పంపిన పార్సిల్ గిఫ్టు అవుతుంది, కూతురు డబ్బు కట్టి షాపు నుంచి తెప్పించుకున్నది కాదు. పచ్చళ్లకు వేరే నిబంధనలున్నాయి. ఇంట్లో చేసి గిఫ్టుగా పంపే తిండి వస్తువులకు అక్కడి ఆహార, ఔషధ సంస్థకు ముందస్తు సమాచారం అక్కర్లేదు, దుకాణం అమ్మేవాటికి కావాలి. మాంసం పచ్చళ్ల విషయంలో సుంకం ప్రశ్నే రాదు, దొరికితే పారేస్తారు.

2026 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు అత్యవసర అధికారాల కింద వేసిన సుంకాలను కొట్టేశాక రేట్లు మళ్లీ మారాయి. కానీ 800 డాలర్ల మినహాయింపు తిరిగి రాలేదు. 2025 జులై 4న సంతకమైన చట్టం ప్రకారం 2027 జులై 1 నుంచి అది చట్టంలోంచే పోతుంది. కాబట్టి నెలకో రేటు మారుతున్న ఈ రోజుల్లో నిరుడు పంపిన పార్సిల్ అనుభవంతో ఈ ఏడాది లెక్క వేయడం కుదరదు.

బిల్లు ముందే చెప్పడం అసాధ్యమేమీ కాదని వేరే దేశాలు చూపించాయి. ఆస్ట్రేలియాలో 2018 జులై నుంచి వెయ్యి ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు వస్తువులకు జీఎస్‌టీని పెద్ద విదేశీ అమ్మకందారులే కొనేటప్పుడు వసూలు చేస్తున్నారు. బ్రిటన్ 2021 జనవరి నుంచి 135 పౌండ్ల లోపు వాటికి వ్యాట్‌ను ఇలాగే తీసుకుంటోంది. అదే ఏడాది జులైలో యూరోపియన్ యూనియన్ కూడా ఇలాంటి ఏర్పాటు చేసింది. 150 యూరోల లోపు పార్సిళ్లలోని ఒక్కో రకం వస్తువుపై 2026 జులై 1 నుంచి 3 యూరోల చొప్పున సుంకం వేయాలని కూడా నిర్ణయించింది. పన్ను అక్కడ కూడా ఉంది. అది ధరలో భాగంగా కనిపిస్తుంది, అంతే తేడా. భారత్ రేట్లు తగ్గించింది, మంచిదే. వసూలు మాత్రం ఇప్పటికీ సరుకు వచ్చాకే. పార్సిల్ విమానాశ్రయంలో ఉన్నప్పుడు కొనుగోలుదారుకు బేరమాడే బలం ఉండదు. కట్టాలి లేదా వదులుకోవాలి. వదులుకుంటే అమ్మకందారు రానుపోను ఖర్చులు మినహాయించుకునే మిగతాది ఇస్తాడు, కొందరు అదీ ఇవ్వరు.

వస్తువు నచ్చక తిరిగి పంపితే కట్టిన సుంకం సంగతేమిటి? లోపమున్న సరుకును, ఆర్డర్‌కు తగ్గట్టు లేని సరుకును తిరిగి పంపితే సుంకం వెనక్కి ఇవ్వడానికి కస్టమ్స్ చట్టం 26ఏ సెక్షన్‌లో దారి ఉంది, 30 రోజుల గడువు లాంటి షరతులతో. ఆచరణలో రెండు వేల రూపాయల కోసం ఆ కాగితాలన్నీ ఎవరు తిప్పుతారు? సైజు చూసుకోవాల్సిన బూట్లు, బట్టలు విదేశాల నుంచి తెప్పించుకోవడం ఈ ఒక్క కారణంతోనే నష్టదాయకం.

ఈ అయోమయంలోంచే సైబర్ మోసగాళ్లు బతుకుతున్నారు. 'మీ పార్సిల్ ఎయిర్‌పోర్టులో ఆగింది, కస్టమ్స్ కట్టండి' అనే ఫోన్, లండన్ స్నేహితుడు పంపిన గిఫ్టు ఢిల్లీలో పట్టుబడిందనే కథ, ఆపైన డిజిటల్ అరెస్టు బెదిరింపు. అసలు బిల్లు కూడా ఇలాగే చెప్పాపెట్టకుండా వస్తుంది కాబట్టే నకిలీది నిజమనిపిస్తుంది. కస్టమ్స్ అధికారులు ఫోన్ చేసి వ్యక్తిగత ఖాతాలోకో యూపీఐకో డబ్బు వేయమనరు. కస్టమ్స్ శాఖ పంపే లేఖలు, సమన్ల మీద 2019 నవంబరు నుంచి డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటోంది, అది అసలుదో కాదో కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కొరియర్ పేరుతో మెసేజ్ వస్తే అందులోని లింకు నొక్కకుండా, ఆర్డర్ మెయిల్‌లో ఉన్న ట్రాకింగ్ నంబరుతో ఆ సంస్థ సొంత సైట్‌లోకి వెళ్లి చూడాలి. బాకీ నిజమైతే అక్కడ కనిపిస్తుంది. డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.